గేమ్ డెవలపర్ అవ్వాలని ఉందా? అందరూ అడిగే ప్రశ్నలు, సూటి జవాబులు

నేను హైదరాబాద్‌లో గేమ్స్ తయారుచేసే పనిలో ఉంటాను. ఇంటర్ పిల్లల దగ్గర్నుంచి ఐటీలో పదేళ్లు చేసి విసుగొచ్చినవాళ్ల దాకా, మధ్యలో కంగారుపడే అమ్మానాన్నలతో సహా, అందరూ అడిగేవి దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేయడం నా వల్ల కావట్లేదు, అందుకే ఒకచోట పెడుతున్నా. మీ సందేహం ఏ దశలోదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లిపోండి. ఫీజులు, నిబంధనలు మారుతుంటాయి, డబ్బు కట్టేముందు ఆ కంపెనీ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

## మొదలుపెట్టకముందు

గేమ్స్ అంటే పిచ్చి, రోజుకి ఆరేడు గంటలు ఆడతాను. ఈ ఫీల్డ్ నాకు సెట్ అవుతుందా?

ఆడటం ఇష్టం ఉండటం మంచిదే, అసలు ఆడనివాళ్లు ఈ పనిలో ఎక్కువకాలం నిలబడటం కష్టం. కానీ రోజువారీ పని ఎలా ఉంటుందంటే, పాత్ర గోడ పక్కన దూకినప్పుడు ఎప్పుడో ఒకసారి గోడలోకి దూరిపోతోంది, ఎందుకో ఎవరికీ తెలీదు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే గోడ దగ్గర అదే దూకుడు దూకిస్తూ కూర్చోవాలి. ఇలాంటిది మీకు చిరాకు కంటే పంతం ఎక్కువ తెప్పిస్తే సెట్ అవుతుంది. ఒక పరీక్ష చెప్తా. మీకు బాగా నచ్చిన గేమ్ ఒక్క నిమిషం రికార్డ్ చేసి, అందులో మీకు మజా వచ్చిన క్షణం ఎందుకు అలా అనిపించిందో కాగితం మీద రాయండి. దెబ్బ తగిలినప్పుడు కెమెరా ఊగిందా, ఏం శబ్దం వచ్చింది, బొమ్మ ఒక్క లిప్తపాటు ఆగిందా. ఇది రాస్తుంటే టైమ్ తెలీలేదంటే మొదలుపెట్టండి. రాయడం మానేసి మళ్లీ ఆటలోకి వెళ్లిపోయారంటే మీరు మంచి ప్లేయర్, అందులో తప్పేం లేదు, వేరే ఉద్యోగం చూసుకుని సాయంత్రాలు హాయిగా ఆడుకోండి.

కోడింగ్ రాదు, బొమ్మలు వేయడం కూడా రాదు, కానీ నా దగ్గర బోలెడు ఐడియాలు ఉన్నాయి. నాకు చోటుందా?

ఐడియాలు మాత్రమే ఇచ్చే ఉద్యోగం ఏ స్టూడియోలోనూ లేదు. ఉన్న టీమ్‌లో ప్రతి ఒక్కరి దగ్గరా పది ఐడియాలు ఉంటాయి, వాటిని చేసే టైమే ఉండదు. అయితే కోడింగ్, ఆర్ట్ కాకుండా వేరే పనులు చాలానే ఉన్నాయి: గేమ్ డిజైన్, లెవెల్ డిజైన్, టెస్టింగ్, సౌండ్, కథ, సంభాషణలు, ప్రొడక్షన్, మొబైల్ గేమ్స్‌లో అయితే డేటా అనాలిసిస్, లైవ్ ఆప్స్ (విడుదలయ్యాక గేమ్‌ని రోజూ నడిపించే పని). వీటిలో డిజైన్ అనేది బయటికి కనిపించేంత గాలిలో మేడలు కట్టే పని కాదు. ఒక కత్తికి ఎంత డ్యామేజీ ఉండాలి, పదో లెవెల్‌కి వచ్చేసరికి ఆటగాడి దగ్గర ఎన్ని కాయిన్స్ ఉండాలి అని ఎక్సెల్ షీట్‌లో రోజులు గడిచిపోతాయి. డిజైనర్ అవ్వాలనుకుంటే కాగితం, పాచికలు, అట్టముక్కలతో ఒక బోర్డ్ గేమ్ చేసి మీ ఇంట్లోవాళ్లతో ఆడించండి. మీరు పక్కన కూర్చుని రూల్స్ మళ్లీ మళ్లీ వివరించకుండా వాళ్లంతట వాళ్లు ఆడగలిగితే మీకు చెయ్యి తిరుగుతున్నట్టే.

సార్, ఆన్‌లైన్ గేమింగ్‌ని ప్రభుత్వమే బ్యాన్ చేసింది కదా, మా బాబు ఈ లైన్‌లోకి వెళ్తే రేపేంటి?

ఇది అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న, న్యాయమైన ప్రశ్న కూడా. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల్ని నిషేధించింది, అంటే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్, డబ్బులు కట్టి ఆడే ఫాంటసీ క్రికెట్ లాంటివి. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఇలాంటి వాటి మీద చట్టాలు వచ్చాయి. మామూలు వీడియో గేమ్ చేయడం, అమ్మడం, ఆడటం వీటి కిందకి రాదు. అదే కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ని, డబ్బు పందెం లేని ఆటల్ని విడిగా గుర్తించింది. కాకపోతే ఒక ప్రభావం మాత్రం ఉంది: మన దేశంలో గేమింగ్ పేరుతో వచ్చిన పెట్టుబడుల్లో పెద్ద వాటా ఆ డబ్బాటల కంపెనీలకే వెళ్లింది, అవి మూతపడ్డాక అక్కడి ఇంజినీర్లు, డిజైనర్లు చాలామంది ఉద్యోగాల వేటలో పడ్డారు. కాబట్టి ఫ్రెషర్‌కి పోటీ పెరిగింది. మీ బాబుకి ఆఫర్ వస్తే ఆ కంపెనీ ఆదాయం ఎక్కడినుంచి వస్తోందో అడగమని చెప్పండి.

అన్నా, నాది మెకానికల్, వయసు 29, పెళ్లి కూడా అయింది. ఇప్పుడు మారితే పిచ్చిపని అవుతుందా?

వయసు ఎవరూ అడగరు, చేసిన పని చూపించమని మాత్రం అడుగుతారు. మెకానికల్ వాళ్లకి ఒక లాభం కూడా ఉంది: బలాలు, టార్క్, స్ప్రింగులు మీకు అలవాటే, కార్ గేమ్స్‌లో సస్పెన్షన్ రాసేటప్పుడు అదే ఫిజిక్స్. 3డీ క్యాడ్‌లో పనిచేసినవాళ్లకి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ త్వరగా వస్తుంది, హార్డ్ సర్ఫేస్ మోడలింగ్ (కార్లు, యంత్రాల్లాంటి గట్టి వస్తువుల 3డీ బొమ్మలు చేయడం) అనే దారి ఒకటుంది చూడండి. ఇబ్బంది అంతా జీతం దగ్గరే. ఆరేళ్ల అనుభవం ఉన్నా ఇక్కడ మీరు జూనియరే, ఇంట్లో ఈఎంఐలు ఉంటే ఆ తగ్గుదల తట్టుకోగలరా అన్నది మీ ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోవాలి. ఉన్న ఉద్యోగం వదలకుండా వారాంతాల్లో రెండు చిన్న గేమ్స్ పూర్తిచేసి, అప్పుడు అప్లై చేయండి. ఆ రెండూ పూర్తి కాకుండా రాజీనామా మాత్రం ఇవ్వకండి.

## చదువు, కోర్సులు, ఫీజులు

ఇంటర్ అయ్యాక సీఎస్ఈ తీసుకోవాలా, గేమింగ్ డిగ్రీ తీసుకోవాలా?

ప్రోగ్రామర్ అవ్వాలంటే సీఎస్ఈ తీసుకోండి, నేనైతే ఇందులో రెండో ఆలోచన లేకుండా చెప్తా. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్నీ నేరుగా పనికొస్తాయి, గేమ్స్‌లో అవకాశం దొరక్కపోయినా చేతిలో డిగ్రీ ఉంటుంది. ఆర్ట్ వైపు వెళ్లేవాళ్లది వేరే లెక్క, బీఎఫ్‌ఏ యానిమేషన్ లేదా డిజైన్ డిగ్రీ బాగుంటుంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం ఉన్నాయి. గేమ్ డిజైన్ మీదే మాస్టర్స్ కావాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ కోర్సు ఉంది, దానికి ఎన్ఐడీ వాళ్ల ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు చాలా తక్కువ.

ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షల్లో ఫీజు చెప్తున్నారు, 100% ప్లేస్‌మెంట్ అంటున్నారు. చేరమంటారా?

సంతకం పెట్టేముందు మూడు అడగండి. పోయిన ఏడాది బయటికి వెళ్లిన విద్యార్థులు చేసిన గేమ్స్ ఆడి చూడటానికి ఇస్తారా? పాఠం చెప్పేవాళ్లు విడుదలైన ఏ గేమ్ మీద పనిచేశారు, ఆ గేమ్ క్రెడిట్స్‌లో వాళ్ల పేరు ఉందా? ప్లేస్‌మెంట్ అంటే ఏ కంపెనీ, ఏ ఉద్యోగం, ఎంత జీతం? మూడోదానికి నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి. కాల్ సెంటర్ ఉద్యోగాన్ని, నెలన్నర ఇంటర్న్‌షిప్‌ని కూడా ప్లేస్‌మెంట్ లెక్కలో కలిపేసే చోట్లు ఉన్నాయి. మంచి ఇన్‌స్టిట్యూట్‌లు లేవని కాదు, క్రమశిక్షణ, తోటివాళ్లు, ఫీడ్‌బ్యాక్ ఇవి ఇంట్లో కూర్చుంటే దొరకవు. కానీ అక్కడ చెప్పే టూల్స్ దాదాపు అన్నీ ఉచితంగా దొరుకుతున్నప్పుడు పొలం తాకట్టు పెట్టి చేరాల్సిన పని లేదు. ముందు సొంతంగా మూడు నెలలు ప్రయత్నించి, ఇష్టం నిలిచాక ఆలోచించండి.

మ్యాథ్స్ ఎంత రావాలి? నాకు మ్యాథ్స్ అంటేనే టెన్షన్.

ఆర్టిస్ట్‌కి పెద్దగా అక్కర్లేదు. ప్రోగ్రామర్‌కి ఇంటర్ మొదటి ఏడాదిలో చదివే సదిశలు, మాత్రికలు, త్రికోణమితి రోజూ కావాలి. అప్పుడు సూత్రాలు బట్టీ పట్టించేశారు కాబట్టి భయంగా ఉంటుంది కానీ గేమ్‌లో చూస్తే చాలా సులువు. ఉదాహరణకి శత్రువు మిమ్మల్ని చూశాడా లేదా తేల్చాలి. శత్రువు ఎటు చూస్తున్నాడో ఆ దిశ ఒక సదిశ, శత్రువు నుంచి మీ వైపు గీసిన గీత ఇంకో సదిశ. ఈ రెండింటి డాట్ ప్రొడక్ట్, అదే బిందు లబ్ధం, ధనాత్మకం అయితే మీరు అతని ముందున్నారు, రుణాత్మకం అయితే వెనక ఉన్నారు. రెండు సదిశల పొడవూ 1కి తెచ్చి లెక్కిస్తే వచ్చేది ఆ కోణం కొసైన్, దాంతో చూపు ఎంత వెడల్పు ఉండాలో కూడా మీరే నిర్ణయించొచ్చు. ఒక్కో సూత్రాన్నీ ఇలా తెర మీద కదిలించి చూస్తే టెన్షన్ అదే పోతుంది. గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లాలంటే మాత్రం లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చదవాల్సిందే, తప్పించుకునే దారి లేదు.

అమెరికా వెళ్లి గేమ్ డెవలప్‌మెంట్‌లో ఎంఎస్ చేస్తే బాగుంటుందా?

కార్నెగీ మెలన్, యూఎస్‌సీ, ఎన్‌వైయూ, యూటా యూనివర్సిటీ, రెడ్‌మండ్‌లోని డిజిపెన్ లాంటి చోట్ల మంచి ప్రోగ్రామ్స్ ఉన్నాయి, అనుమానం లేదు. అప్పు చేసి వెళ్తున్నారంటే మాత్రం రెండు చూసుకోవాలి. 2023, 2024 సంవత్సరాల్లో అక్కడి గేమ్ స్టూడియోల్లో వేల ఉద్యోగాలు పోయాయి, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. ఆ అనుభవజ్ఞులతో మీరు పోటీ పడాలి, మీకు వీసా స్పాన్సర్ చేసే కంపెనీ కూడా కావాలి. రెండోది, మీ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉందో లేదో కచ్చితంగా అడగండి. ఉంటే, చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు దొరుకుతాయి, లేకపోతే ఆ ఏడాదితోనే సరి. నా మాటైతే కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేసి, గ్రాఫిక్స్, గేమ్ ఇంజిన్ సబ్జెక్టులు ఎలెక్టివ్‌గా తీసుకోండి. గేమ్స్‌లో రాకపోతే వేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో అప్పైనా తీరుతుంది.

## నేర్చుకునేటప్పుడు

యూనిటీయా, అన్‌రియలా, గోడోనా? ఏది ముందు?

ఈ మూడూ గేమ్ ఇంజిన్లు, అంటే గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లు. వీటిలో ఏదన్న దానిమీద నెలల తరబడి వీడియోలు చూసేవాళ్లు ఉన్నారు, ఆ టైమ్‌లో మూడూ కొంచెం కొంచెం నేర్చుకోవచ్చు. మన దగ్గర మొబైల్ గేమ్స్ ఉద్యోగాలు ఎక్కువ, వాటిలో యూనిటీ ఎక్కువ, భాష సీ షార్ప్. అందుకని ఉద్యోగమే లక్ష్యమైతే యూనిటీ. పీసీ, కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటివి) గేమ్స్, 3డీ ఆర్ట్ అనుకుంటే అన్‌రియల్, అందులో సీ ప్లస్ ప్లస్‌తో పాటు బ్లూప్రింట్స్ అని కోడ్ రాయకుండా డబ్బాలు కలిపే పద్ధతి ఉంది. గోడో పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, సొంత 2డీ గేమ్స్‌కి నాకు చాలా ఇష్టం, కానీ దాని పేరుతో వచ్చే ఉద్యోగ ప్రకటనలు తక్కువ. ఒక ఇంజిన్‌నే నమ్ముకోవడం ఎందుకు ప్రమాదమో 2023 సెప్టెంబర్‌లో చూశాం: గేమ్ ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా రుసుము వసూలు చేస్తామని యూనిటీ ప్రకటించింది, ప్రపంచమంతా డెవలపర్లు తిరగబడ్డారు, ఏడాది తర్వాత దాన్ని పూర్తిగా ఎత్తేసింది. ఒకదానిలో లోతుగా వెళ్తే రెండోది నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు.

నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. కొత్తది కొనాలా?

వద్దు. గోడో హాయిగా నడుస్తుంది, యూనిటీలో 2డీ గేమ్స్, చిన్న 3డీ గేమ్స్ నెమ్మదిగానైనా అవుతాయి. డబ్బుంటే ముందు ర్యామ్ 16 జీబీ చేయించి, పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసి ఎస్ఎస్‌డీ వేయించండి. అన్‌రియల్ 5 మాత్రం ఇందులో ఏడిపిస్తుంది, దానికి మంచి గ్రాఫిక్స్ కార్డ్, 32 జీబీ ఉంటేనే ప్రశాంతం. పైగా నెమ్మది మెషీన్‌లో చేసినవాళ్లకి ఒక మంచి అలవాటు వస్తుంది. సెకనుకి 60 ఫ్రేములు (తెర మీద ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మలు) రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది దాదాపు 16.7 మిల్లీ సెకన్లే, అందులోనే లెక్కలన్నీ, బొమ్మంతా అయిపోవాలి. చిన్న ఫోన్లలో ఆడే మన జనానికి గేమ్ చేసేటప్పుడు ఈ స్పృహ చాలా అవసరం.

జీటీఏ లాంటి ఓపెన్ వరల్డ్ (ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరిగే) గేమ్, హైదరాబాద్ రోడ్ల మీద. మొదటి ప్రాజెక్ట్‌గా ఎలా ఉంటుంది?

చార్మినార్ మోడల్ సగం దాకా చేసి ఆపేసిన ఫోల్డర్లు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో! అలాంటి గేమ్ వెనక వందల మంది, ఏళ్ల తరబడి పని ఉంటుంది. మొదటిది రెండు వారాల్లో అయిపోయేది ఎంచుకోండి. మీ చిన్నప్పటి ఆటలే తీసుకోండి. అష్టాచెమ్మాలో గవ్వలు వేయడం, వంతులు మారడం, ఎదుటివాడి కాయని చంపడం, గుర్తు వేసిన గడిలో ఉంటే కాపాడటం, గెలుపు, ఓటమి అన్నీ ఉన్నాయి. కోడ్ రాయడం మొదలుపెట్టగానే మంచి ప్రశ్నలు పుడతాయి: నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట, మరి రెండింటికీ సమాన అవకాశం ఇవ్వాలా? నిజం గవ్వ నాణెంలా సగం సగం పడదు కదా. వామనగుంటలు తీసుకుంటే 14 గుంటలు, కంప్యూటర్ తన తర్వాతి ఎత్తుని ముందుగా ఆలోచించేలా రాయడం నేర్చుకోవచ్చు. ముఖ్యంగా మెనూ, సౌండ్ ఆపే బటన్, గెలిచాక మళ్లీ ఆడే బటన్, ఇవన్నీ పెట్టి పూర్తిచేయండి. బోరు కొట్టే ఆ చివరి భాగంలోనే అసలు చదువు ఉంది, దాన్ని దాటినవాళ్లు తక్కువమంది కాబట్టే స్టూడియోలు అది చూస్తాయి.

ట్యుటోరియల్ చూస్తూ చేస్తే వస్తోంది, సొంతంగా మొదలుపెడితే చేతులు ఆడట్లేదు. ఏం చేయాలి?

దాదాపు అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. వీడియో పూర్తయ్యాక ఆ ప్రాజెక్ట్‌లో మూడు మార్పులు మీరే చేయండి, వీడియోలో లేనివి. దూకే పాత్ర ఉంటే రెండోసారి గాల్లో దూకేలా చేయండి, శత్రువుకి ప్రాణం పట్టీ (హెల్త్ బార్) పెట్టండి, స్కోరు సేవ్ అయ్యేలా చేయండి. ఇరుక్కుంటే ఆ చిన్న ముక్క గురించి మాత్రం వెతకండి. తర్వాత ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి అదే గేమ్ వీడియో లేకుండా మళ్లీ కట్టండి. ఇంకోటి, మొదటి రోజే గిట్ నేర్చుకోండి, అది ప్రాజెక్ట్‌లో చేసిన మార్పుల్ని వరుసగా దాచిపెట్టే టూల్. పెన్‌డ్రైవ్‌లో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'నిజంగా ఫైనల్' అని ఫోల్డర్లు పెట్టుకునే పద్ధతి ఉద్యోగంలో పనికిరాదు.

గేమ్ జామ్ అంటే ఏంటి? నాలాంటి కొత్తవాళ్లు వెళ్లొచ్చా?

కొత్తవాళ్లే వెళ్లాలి. ఒక థీమ్ ఇస్తారు, 48 గంటలు గానీ వారం గానీ టైమ్ ఇస్తారు, అందులో ఆడగలిగే గేమ్ చేసి పెట్టాలి. 2009 నుంచి ఏటా జనవరి ప్రాంతంలో గ్లోబల్ గేమ్ జామ్ జరుగుతుంది, చిన్న గేమ్స్ పెట్టుకునే ఇచ్ ఐఓ సైట్‌లో అయితే ఏ వారం చూసినా ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. చెత్తగా వచ్చినా ఫర్వాలేదు, తోటివాళ్లు ఆడి కామెంట్ పెడతారు, ఆర్ట్ వచ్చినవాళ్లు, సౌండ్ వచ్చినవాళ్లు పరిచయం అవుతారు.

ఏఐ వచ్చేసింది కదా, ఇంకా నేర్చుకోవడం దండగేమో?

ఏఐ కోడ్ రాస్తుంది, బొమ్మలు గీస్తుంది, కాదనలేం. స్టూడియోల్లో కూడా వాడుతున్నారు, ముఖ్యంగా తొలి స్కెచ్‌లకి, చిన్న టూల్స్ రాసుకోవడానికి. మామూలు పనులు మాత్రమే చేసే జూనియర్ ఉద్యోగాలకి దీనివల్ల ఇబ్బంది ఉంది, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. అయితే పాత్ర దూకడం 'బరువుగా' ఉందా, పదో నిమిషంలో ఆట బోరు కొడుతోందా అన్నది ఆడి చూసే మనిషే చెప్పాలి. ఏఐ రాసిన కోడ్‌లో ఫ్రేము ఎక్కడ కుదుపుతోందో వెతకాలన్నా మీకు మూలం తెలిసుండాలి. నేర్చుకునే దశలో దాన్ని వివరణ అడగడానికి వాడండి, హోంవర్క్ చేయించడానికి వద్దు. ఇంకోమాట, పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ పెడితే ఏఐతో చేసిన కంటెంట్ ఉందో లేదో 2024 నుంచి చెప్పాల్సి వస్తోంది, ఆటగాళ్లలో చాలామందికి అది నచ్చదు కూడా.

## ఉద్యోగం వేటలో

పోర్ట్‌ఫోలియోలో ఎన్ని గేమ్స్ ఉండాలి?

రెండో మూడో చాలు, అన్నీ పూర్తయినవి అయితే. లింక్ నొక్కగానే బ్రౌజర్‌లోనే ఆడగలిగేలా పెట్టండి, ఎందుకంటే మీ రెజ్యూమె చూసేవాళ్లు జిప్ ఫైల్ దింపుకుని ఇన్‌స్టాల్ చేసేంత ఓపికతో ఉండరు. దాని పక్కనే నిమిషంలోపు వీడియో, అందులో లోగో యానిమేషన్‌తో కాకుండా నేరుగా ఆటతో మొదలవ్వాలి. టీమ్‌గా చేస్తే మీరు చేసిన ముక్క ఏదో స్పష్టంగా రాయండి. ఆర్టిస్టులైతే తమ బొమ్మలు చూపించుకునే ఆర్ట్‌స్టేషన్ సైట్‌లో పెట్టండి, వైర్‌ఫ్రేమ్ (3డీ మోడల్ లోపలి గీతల అల్లిక) కూడా చూపించండి, మీ బలహీనమైన పనిని తీసేయండి, అది పక్కనుంటే మంచిది కూడా తక్కువగా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో అవకాశాలు ఉన్నాయా, బెంగళూరు, పుణె వెళ్లాల్సిందేనా?

ఇక్కడా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి హైదరాబాద్‌లో పెద్ద స్టూడియో ఉంది. క్రికెట్ గేమ్ హిట్‌వికెట్ ఇక్కడిదే. 2017లో వచ్చిన 'అసుర' అనే పీసీ గేమ్ చేసిన ఓగర్ హెడ్ స్టూడియో కూడా ఇక్కడిదే. పెద్ద కన్సోల్ గేమ్స్ మీద పనిచేయాలంటే బెంగళూరులో రాక్‌స్టార్, పుణె, ముంబైలో యుబిసాఫ్ట్ లాంటివి చూడాలి. పుణె నుంచే 2020లో 'రాజీ' అనే గేమ్ వచ్చింది. విజయవాడ, విశాఖ, వరంగల్ నుంచి అడిగేవాళ్లకి చెప్పేదేంటంటే మొదటి ఉద్యోగానికి ఊరు మారడానికి సిద్ధపడండి, ఇంటినుంచి పని ఇచ్చేవాళ్లు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లకే ఇస్తారు. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ చాలా ఏళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది, ఈసారి ఏ ఊళ్లో పెడుతున్నారో చూసి, మీ గేమ్ ఫోన్‌లో వేసుకుని వెళ్లండి. రెజ్యూమె పంపితే రాని జవాబు, అక్కడ ఎదురుగా ఆడిస్తే వస్తుంది.

టెస్టర్‌గా చేరి, తర్వాత డెవలపర్‌గా మారొచ్చా?

మారినవాళ్లు ఉన్నారు, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. టెస్టింగ్ అంటే సరదాగా ఆడటం అనుకుని వస్తే మొదటి నెలలోనే నీరసం వస్తుంది, ఒకే లెవెల్‌ని వేర్వేరు ఫోన్లలో, వేర్వేరు భాషల్లో, నెట్ ఆపి, కాల్ వచ్చినట్టు చేసి మళ్లీ మళ్లీ ఆడాలి. అయితే గేమ్ ఎలా విరుగుతుందో ఇంతబాగా నేర్పే చోటు ఇంకోటి లేదు. డెవలపర్ అవ్వాలన్న ఉద్దేశం ఉంటే చేరేముందే హెచ్ఆర్‌ని అడగండి, ఇక్కడ టెస్టింగ్ నుంచి వేరే టీమ్‌కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. చేరాక సాయంత్రాలు సొంత ప్రాజెక్ట్ ఆపకండి, టెస్ట్ ఆటోమేషన్ నేర్చుకుంటే దారి కొంచెం దగ్గరవుతుంది.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

ప్రోగ్రామర్లకి సాధారణంగా డేటా స్ట్రక్చర్స్, కొంచెం వెక్టార్ మ్యాథ్స్, ఇంజిన్ ప్రశ్నలు. బుల్లెట్లని ప్రతిసారీ పుట్టించి చంపకుండా ఆబ్జెక్ట్ పూల్ (ముందే చేసిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడుకునే గుంపు) ఎందుకు వాడతాం, ప్రతి ఫ్రేమూ నడిచే ఫంక్షన్‌లో ఏం రాయకూడదు, డెల్టా టైమ్‌తో (పోయిన ఫ్రేము నుంచి గడిచిన సమయంతో) ఎందుకు గుణిస్తాం, ఇలాంటివి. మీ ప్రాజెక్ట్‌లో బాగా ఏడిపించిన బగ్ ఏంటి అని తప్పకుండా అడుగుతారు, దానికి నిజమైన కథ ఉండాలి. వెళ్లేముందు ఆ కంపెనీ గేమ్ కొన్ని రోజులు ఆడండి. 'మీ గేమ్ నేను ఆడలేదు సార్' అన్న అభ్యర్థి మీద ఆసక్తి అక్కడే సగం తగ్గిపోతుంది. ఇంటికి టెస్ట్ ఇస్తే ఎన్ని రోజుల పని అని చూసుకోండి, రెండు మూడు రోజులు మామూలే, రెండు వారాల పని ఊరికే చేయమంటే మర్యాదగా వద్దనొచ్చు.

జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఎలా ఉంటుంది? పనిగంటలు ఘోరం అంటారు, నిజమేనా?

అదే నైపుణ్యం ఉన్న ప్రోగ్రామర్‌కి మంచి ప్రొడక్ట్ కంపెనీలో వచ్చేదానికంటే చాలా గేమ్ స్టూడియోల్లో తక్కువ వస్తుంది, మొదటి ఏళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆర్టిస్టులకి, టెస్టర్లకి మొదలు ఇంకా కింద ఉంటుంది. అనుభవం పెరిగాక, అదీ గ్రాఫిక్స్, నెట్‌వర్కింగ్, టెక్నికల్ ఆర్ట్ (ఆర్ట్‌కీ కోడ్‌కీ మధ్య పని) లాంటి మనుషులు తక్కువ దొరికే పనుల్లో, పరిస్థితి మారుతుంది. పనిగంటల సంగతి స్టూడియోని బట్టి ఉంటుంది. విడుదలకి ముందు రాత్రిళ్లు కూర్చోబెట్టడాన్ని క్రంచ్ అంటారు, కొన్ని చోట్ల అది నెలల తరబడి సాగుతుంది, కొన్ని చోట్ల ఆరింటికి ఇంటికెళ్లిపోతారు. ఇంటర్వ్యూ చివర్లో 'పోయిన విడుదలకి ముందు నెల ఎలా గడిచింది' అని మీ టీమ్ లీడ్‌నే అడగండి, జవాబుకంటే ముందు వచ్చే ముఖకవళికలు గమనించండి. ప్రాజెక్ట్ రద్దయి టీమ్ మొత్తం పోవడం ఈ రంగంలో మామూలు, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకునేదాకా కొత్త బైక్ ఆలోచన వాయిదా వేయండి.

## సొంత గేమ్ చేసేవాళ్లకి

ఉద్యోగం మానేసి సొంతంగా ఇండీ గేమ్ చేద్దామనుకుంటున్నా. స్టార్‌డ్యూ వ్యాలీ గేమ్ ఒక్కడే చేశాడు కదా?

చేశాడు. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకి పైగా కూర్చుని కోడ్, ఆర్ట్, సంగీతం అన్నీ చేసి 2016లో విడుదల చేశాడు. ఆ టైమ్‌లో ఇల్లు గడవడానికి థియేటర్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేశాడు, తోడుగా ఉన్న అమ్మాయి సంపాదన కూడా ఉంది, ఆ భాగం మనవాళ్లు చెప్పుకోరు. అదే ఏళ్లలో విడుదలై ఎవరూ పట్టించుకోని వేల గేమ్స్ పేర్లు మనకి తెలియవు. ఉద్యోగం ఉండగానే చిన్న డెమో చేసి, స్టీమ్ పేజీ పెట్టి, ఎంతమంది విష్‌లిస్ట్‌లో (తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో) వేసుకుంటున్నారో చూడండి. తెలియనివాళ్లు ఆగకుండా వేసుకుంటుంటే అప్పుడు మానేయడం గురించి ఆలోచించొచ్చు. మీ కాలేజీ వాట్సాప్ గ్రూప్ వాళ్లు వేసినవి లెక్కలోకి రావు.

స్టీమ్‌లో, ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఎంత అవుతుంది?

స్టీమ్‌కి ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు, ఆ గేమ్ 1,000 డాలర్లు సంపాదించాక అది తిరిగి ఇస్తారు. అమ్మకాల్లో స్టీమ్ వాటా 30%. డబ్బు కట్టిన 30 రోజుల దాకా మొదటి గేమ్ విడుదల చేయలేరు, 'త్వరలో' పేజీ కనీసం రెండు వారాలు కనిపించాలి, కాబట్టి సంక్రాంతికి వదలాలంటే డిసెంబర్‌లో మేలుకుంటే ఆలస్యమే. అమెరికాలో జరిగిన అమ్మకాల మీద అక్కడి పన్ను కోసుకుంటారు, పన్ను ఫారంలో మీ పాన్ నంబర్ ఇచ్చి ఇండియా ఒప్పందం కింద నింపితే అది 30% బదులు 15%కి తగ్గుతుంది. ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు. ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత ఖాతా అయితే ఇంకో మెలిక ఉంది, కనీసం 12 మంది వరుసగా 14 రోజులు మీ గేమ్ టెస్ట్ చేయాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చేసే అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తెలుగులో గేమ్ చేస్తే ఎవరైనా ఆడతారా?

ఆడతారు, కానీ 'తెలుగు గేమ్' అన్న ఒక్క కారణంతో ఎవరూ కొనరు. 2023లో టొరంటో నుంచి వచ్చిన 'వెణ్బా' అనే గేమ్ చూడండి, కెనడాలో స్థిరపడిన తమిళ కుటుంబం, ఇడ్లీ, పుట్టు, బిర్యానీ వండుతూ సాగే కథ. తమిళం రాని లోకమంతా ఆడింది, 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రైజ్ కూడా వచ్చింది. ఇంత మనదనం మన దగ్గరా ఉంది, దాన్ని ఆటగా మలిచినవాళ్లే తక్కువ.

ఇక సాంకేతికంగా ఒక తలనొప్పి ముందే చెప్పాలి. యూనిటీలో అక్షరాలు చూపించడానికి మామూలుగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తుల్ని, గుణింతాల్ని సరిగ్గా కలపలేదు. 'స్త్రీ' అని రాస్తే అక్షరాలు విడివిడిగా పడి, చదివేవాడికి బూతులా కనిపించినా ఆశ్చర్యం లేదు. గోడో 4లో, అన్‌రియల్‌లో అక్షరాల్ని సరిగ్గా కలిపే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ (రెడీగా ఉన్న కోడ్) ఉంది కాబట్టి సరైన ఫాంట్ ఇస్తే తెలుగు చక్కగా వస్తుంది. యూనిటీలోనే చేయాలంటే మాటలు తక్కువున్న గేమ్‌కి వాటిని బొమ్మలుగా పెట్టేసుకోవచ్చు, మాటలు ఎక్కువుంటే ప్లగిన్ వెతుక్కోవాలి. డైలాగులన్నీ రాసేశాక కాకుండా, మొదటి రోజే 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' మూడూ స్క్రీన్ మీద పడేసి చూడండి.

స్టూడియోలో ఉద్యోగం చేస్తూ సొంత గేమ్ అమ్ముకోవచ్చా?

మీ ఆఫర్ లెటర్‌తో వచ్చిన ఒప్పందంలో మేధో సంపత్తి అన్న భాగం చదవండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం మీరు ఏం చేసినా, ఇంట్లో ఆదివారం చేసినా సరే, కంపెనీదే అని కొన్ని చోట్ల రాసి ఉంటుంది. చేరకముందైతే మీరు అప్పటికే చేస్తున్న ప్రాజెక్టుల పేర్లు రాసి వాటిని మినహాయించమని ఈమెయిల్‌లో అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. చేరిపోయాకైతే మేనేజర్ నోటిమాటగా 'పర్లేదు చేసుకో' అంటే సరిపోదు, హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఆఫీస్ లాప్‌టాప్, ఆఫీస్ లైసెన్స్, ఆఫీస్ అసెట్స్ (బొమ్మలు, శబ్దాల్లాంటివి) మాత్రం ముట్టుకోకండి, అనుమతి ఉన్నా సరే.